నౌన్ పక్కన ఏ ప్రిపోజిషన్? విభక్తుల వారీగా కార్డుల కట్ట: పని డైరీ

పని ఏమిటి, ఎవరికి

ఇంగ్లీషు వాక్యం కట్టడం వచ్చు, టెన్సులు వచ్చు. కానీ 'రీజన్' అని రాసి 'ఆఫ్' వేయాలా 'ఫర్' వేయాలా అని చెయ్యి ఆగిపోతుంది. సరిగ్గా ఆ చోటు కోసం ఈ ఫ్లాష్ కార్డుల కట్ట. ఇంటర్ ఇంగ్లీషు పేపర్లో ఖాళీలు నింపేవాళ్లు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, ఆఫీసులో రోజూ మెయిళ్లు కొట్టేవాళ్లు దీన్ని వాడతారు. రెండు రూపాలు ఉంటాయి: ఫోన్లో తిప్పుకోవడానికి ఆంకీ (ఫ్లాష్ కార్డులు చూపించే యాప్) డెక్, తరగతిలో పంచడానికి అట్ట ముక్కలు.

సరంజామా కొంచెమే. జాబితాకు ఒక గూగుల్ షీటు, కంప్యూటర్లో ఆంకీ (ఉచితం), ఆండ్రాయిడ్ ఫోన్లో ఆంకీడ్రాయిడ్ (అదీ ఉచితమే), ఏ4 సైజు అట్ట షీట్లు, వాడుక సరిచూసుకోవడానికి ఇంటర్నెట్లో దొరికే, నిజమైన రాతలను, మాటలను పోగుచేసిన కార్పస్‌లు.

మొదలుపెట్టే ముందే ఒక గీత గీసుకోవాలి. 'రీజన్ ఫర్ ద డిలే' అన్నప్పుడు ముందున్న నౌన్ తన వెనక ఏ ప్రిపోజిషన్ రావాలో నిర్ణయిస్తుంది. 'ఆన్ లీవ్', 'ఇన్ ఎ హర్రీ' అన్నప్పుడు వెనకున్న నౌన్ తన ముందు ఏది రావాలో నిర్ణయిస్తుంది. ఈ రెండూ వేర్వేరు జబ్బులు. ఒకే డెక్‌లో ఉన్నా ట్యాగులు వేరుగా ఉండాలి. మొదటి రకానికి 96 నౌన్లు, రెండో రకానికి 64 పదబంధాలు అని హద్దు పెట్టాం. 'గుడ్ ఎట్', 'అఫ్రైడ్ ఆఫ్' లాంటి ఎడ్జెక్టివ్‌లు ఈ కట్టలో లేవు.

పేర్చే తీరు

గ్రామర్ పుస్తకాలు మామూలుగా ప్రిపోజిషన్ వారీగా పేరుస్తాయి: 'ఫర్' తీసుకునే నౌన్లు ఒక పేజీ, 'టు' తీసుకునేవి ఇంకో పేజీ. చదవడానికి బాగుంటుంది. రాసేటప్పుడు ఉపయోగపడదు, ఎందుకంటే రాసేవాడికి తెలియనిదే ఆ ప్రిపోజిషన్. వాడి తలలో అప్పటికే ఉన్నది 'ఆలస్యానికి కారణం' అనే తెలుగు ముక్క. కాబట్టి మెట్టు అక్కడ వేయాలి. అందుకే కట్టలన్నీ తెలుగు విభక్తుల పేరు మీదే: కి/కు కట్ట, మీద కట్ట, లో కట్ట, తో కట్ట, చివరికి ఏ ప్రత్యయమూ లేని కట్ట. అన్నిటికన్నా ఎక్కువ తప్పులు పుట్టేది ఈ చివరి దాంట్లోనే.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. ప్రిపోజిషన్ వారీ కట్టలో పది కార్డులు వరసగా 'ఫర్' జవాబుతో వస్తే మూడో కార్డు నుంచి చదవకుండానే చెప్పేయొచ్చు. విభక్తి వారీ కట్టలో ఒకే తెలుగు ప్రత్యయానికి మూడు నాలుగు జవాబులు ఉంటాయి కాబట్టి ప్రతిసారీ నౌన్‌ను చూడక తప్పదు.

కి/కు కట్ట

తెలుగు 'కి'కి ఎదురుగా ఇంగ్లీషులో ప్రధానంగా మూడు నిలబడతాయి: టు, ఫర్, ఆఫ్.

'టు' తీసుకునేవి: సొల్యూషన్, ఆన్సర్, రిప్లై, థ్రెట్, ఎక్సెప్షన్, ఇన్విటేషన్, విజిట్, రియాక్షన్, అబ్జెక్షన్, కాంట్రిబ్యూషన్. సమస్యకు పరిష్కారం, ప్రశ్నకు జవాబు, ప్రాణానికి ముప్పు, నియమానికి మినహాయింపు. వీటన్నిటిలో ఒక వస్తువో విషయమో ముందే ఉంది, రెండోది దానికి వచ్చి తగులుతోంది.

'ఫర్' తీసుకునేవి: అప్లికేషన్, రిక్వెస్ట్, డిమాండ్, నీడ్, ప్రిపరేషన్, మెడిసిన్, క్వాలిఫికేషన్, రెసిపీ. సెలవుకు దరఖాస్తు, పరీక్షకు ప్రిపరేషన్, జ్వరానికి మందు.

ఈ రెంటినీ విడదీయడానికి కార్డు వెనక ఒక చిన్న పరీక్ష రాశాం: 'కి' తీసేసి 'కోసం' పెట్టి చూడండి. 'సెలవు కోసం దరఖాస్తు', 'పరీక్ష కోసం ప్రిపరేషన్' అనొచ్చు, అయితే 'ఫర్'. 'ప్రశ్న కోసం జవాబు' అనలేం, అయితే 'టు'. చాలావరకు పని చేస్తుంది. పని చేయని చోటు కూడా ఒక గుంపుగానే ఉంది: రీజన్, ఎక్స్‌క్యూజ్, అపాలజీ, బ్లేమ్, పనిష్‌మెంట్, రెస్పాన్సిబిలిటీ. 'ఆలస్యం కోసం కారణం' అని తెలుగులో ఎవరూ అనరు, అయినా ఇవన్నీ 'ఫర్'నే తీసుకుంటాయి. జరిగిన దానికి సంజాయిషీ చెప్పుకునే బాపతు ఇది. అందుకే ఈ ఆరింటికీ 'సంజాయిషీ' అని ట్యాగు వేసి, వేరే రంగు అట్ట మీద అచ్చు వేయాలని నిర్ణయం.

'ఆఫ్' తీసుకునేవి కొన్నే: కాజ్, ఎగ్జాంపుల్, ప్రూఫ్, సింప్టమ్. ఇక్కడ జాగ్రత్త పడాల్సిన జంట రీజన్, కాజ్. తెలుగులో రెండూ 'కారణం' కాబట్టి రెండిటికీ ఒకే ప్రిపోజిషన్ అతికించేస్తారు. 'ద రీజన్ ఫర్ ద డిలే', 'ద కాజ్ ఆఫ్ ద యాక్సిడెంట్'. పైగా 'కాజ్ ఫర్' అనేది కూడా ఉంది: 'కాజ్ ఫర్ కన్సర్న్', 'కాజ్ ఫర్ అలార్మ్'. అక్కడ 'కాజ్' అంటే ఘటనను పుట్టించినది కాదు, ఆందోళన పడటానికి తగిన ఆధారం. ఈ మూడింటినీ ఒకే కార్డు మీద ఇరికించకూడదు. మూడు కార్డులు, మూడు వాక్యాలు.

మీద కట్ట

తెలుగు వాళ్లు 'మీద' కనపడగానే 'ఆన్' వేస్తారు. దీనికి కారణం ఊరికే అలవాటు కాదు, సగం సార్లు అది సరైనదే. ట్యాక్స్, బ్యాన్, ఎఫెక్ట్, ఇంపాక్ట్, ప్రెషర్, ఎటాక్, డిస్కౌంట్ అన్నీ 'ఆన్' తీసుకుంటాయి. సగం సరిపోయే సూత్రాన్ని మానిపించడం పూర్తిగా తప్పు సూత్రాన్ని మానిపించడం కన్నా కష్టం. అందుకే ఈ కట్టకు కార్డులు ఎక్కువ పెట్టాం.

విడదీసే దారి అర్థంలో ఉంది. ఒకదాని మీద వచ్చి పడేదీ, మోపేదీ 'ఆన్': పన్ను, నిషేధం, ఒత్తిడి, ప్రభావం, దాడి. మనం నమ్మకమో, మనసో, డబ్బో పెట్టేది 'ఇన్': ఫెయిత్ ఇన్, కాన్ఫిడెన్స్ ఇన్, ఇంట్రెస్ట్ ఇన్, ఇన్వెస్ట్‌మెంట్ ఇన్. 'భూమి మీద పెట్టుబడి'ని 'ఇన్వెస్ట్‌మెంట్ ఆన్ ల్యాండ్' అని రాయడం చాలా మామూలు. కావాల్సింది 'ఇన్వెస్ట్‌మెంట్ ఇన్ ల్యాండ్'. ఒకరి పట్ల మనలో పుట్టేది 'ఫర్': లవ్ ఫర్, రెస్పెక్ట్ ఫర్, అఫెక్షన్ ఫర్, అడ్మిరేషన్ ఫర్. ఎదురు నిలిచేది 'అగైన్‌స్ట్': అతని మీద కేసు అంటే 'ఎ కేస్ అగైన్‌స్ట్ హిమ్', అధికారి మీద ఆరోపణ అంటే 'యాన్ ఎలిగేషన్ అగైన్‌స్ట్ యాన్ ఆఫీసర్'. పైచేయి చూపేది 'ఓవర్': విక్టరీ ఓవర్, పవర్ ఓవర్, కంట్రోల్ ఓవర్, అడ్వాంటేజ్ ఓవర్.

'ఇంట్రెస్ట్'కు రెండు కార్డులు. ఆసక్తి అయితే 'ఇన్', బ్యాంకు వడ్డీ అయితే 'ఆన్' ('ఇంట్రెస్ట్ ఆన్ ద లోన్'). 'కంప్లెయింట్'కూ రెండు: మనిషి మీద ఫిర్యాదు 'అగైన్‌స్ట్', నీళ్లు రావట్లేదన్న ఫిర్యాదు 'అబౌట్'. కోపం మాత్రం ఏ గుంపులోనూ ఇమడదు. 'యాంగర్ ఎట్' అని విడిగా గుర్తుంచుకోవాల్సిందే, కార్డు వెనక కూడా అలాగే రాశాం. లేని సూత్రాన్ని కల్పించి చెబితే తర్వాతి కార్డు దగ్గర అది బయటపడుతుంది.

ప్రత్యయం లేని కట్ట

పంట నష్టం, ధరల పెరుగుదల, ఇంటర్నెట్ సదుపాయం, గది తాళంచెవి. తెలుగులో రెండు మాటలు పక్కపక్కన పెడితే చాలు, సంబంధం తెలిసిపోతుంది. ఇంగ్లీషుకు వచ్చేసరికి మధ్యలో ఏదో ఒకటి పెట్టాలి కాబట్టి అందరూ 'ఆఫ్' పెడతారు. 'డ్యామేజ్ ఆఫ్ క్రాప్స్', 'రైజ్ ఆఫ్ ప్రైసెస్', 'యాక్సెస్ ఆఫ్ ఇంటర్నెట్'. సరైనవి వరసగా 'డ్యామేజ్ టు', 'రైజ్ ఇన్', 'యాక్సెస్ టు'. గది తాళంచెవి 'ద కీ టు ద రూమ్'.

పెరగడం, తరగడం చెప్పే నౌన్లన్నీ ఒకే కుటుంబం: ఇంక్రీజ్, రైజ్, గ్రోత్, డిక్రీజ్, ఫాల్, డ్రాప్. ఏది పెరిగిందో దానికి ముందు 'ఇన్'. ఎంత పెరిగిందో దానికి ముందు 'ఆఫ్'. 'యాన్ ఇంక్రీజ్ ఆఫ్ ఫైవ్ పర్సెంట్ ఇన్ ద ఫేర్' అన్న ఒక్క వాక్యంలో రెండూ ఉన్నాయి, కట్టలో దానికి మొదటి స్థానం. శాతం ముందుకు వచ్చేస్తే 'ఆఫ్' మాయమవుతుంది: 'ఎ ఫైవ్ పర్సెంట్ ఇంక్రీజ్ ఇన్ ద ఫేర్'. అదే మాట వెర్బ్ అయితే 'బై': 'ద ఫేర్ ఇంక్రీజ్డ్ బై ఫైవ్ పర్సెంట్'. ఈ మూడు వాక్యాలకు బస్సు చార్జీ ఒక్కటే సందర్భం పెట్టడం కావాలని చేసిందే. సందర్భం మారితే చూసేవాడి దృష్టి ప్రిపోజిషన్ మీద నిలవదు.

'చేంజ్' ఇంకా గడుసుది. ఉష్ణోగ్రతలో మార్పు 'చేంజ్ ఇన్': ఉన్నదే కొంత మారింది. చిరునామా మార్పు 'చేంజ్ ఆఫ్': పాతది పోయి కొత్తది వచ్చింది. రూల్స్‌కు చేసిన మార్పు 'చేంజ్ టు': ఎవరో పనిగట్టుకుని దిద్దారు. బ్యాంకు ఫారంలో 'చేంజ్ ఆఫ్ అడ్రస్' అని ఉండేది అందుకే.

డబ్బు మొత్తాల దగ్గర తెలుగు అసలు తేడా చూపదు. 5 వేల చెక్కు, 5 వేల బిల్లు, 5 వేల జరిమానా, 5 వేల అప్పు. ఇంగ్లీషులో చెక్, బిల్, ఇన్వాయిస్, రిసీట్ అయితే 'ఫర్'. ఫైన్, లోన్, శాలరీ, డిపాజిట్ అయితే 'ఆఫ్'. అంకె రాసి ఉన్న కాగితానికి 'ఫర్', డబ్బుకే పెట్టిన పేరుకు 'ఆఫ్' అని పట్టుకుంటే దాదాపు తప్పదు. 'ఎ చెక్ ఫర్ ఫైవ్ థౌజండ్ రుపీస్', 'ఎ ఫైన్ ఆఫ్ ఫైవ్ థౌజండ్ రుపీస్'. అయితే జరిమానా ఎందుకు పడిందో చెప్పడానికి మళ్లీ 'ఫర్' వస్తుంది: 'ఎ ఫైన్ ఆఫ్ థౌజండ్ రుపీస్ ఫర్ రాంగ్ పార్కింగ్'. అకౌంట్స్ సెక్షన్లో పని చేసేవాళ్లకు మిగతా కట్టంతా వదిలేసినా ఈ ఎనిమిది కార్డులు చాలు.

లో కట్ట, తో కట్ట

లో కట్టలోవి నౌన్ ముందు వచ్చే ప్రిపోజిషన్లు. 'లో' అంటే 'ఇన్' అని చిన్నప్పుడు నేర్పిన పాఠం ఇక్కడ అడ్డం వస్తుంది.

బస్సు, రైలు, విమానం, ఓడలకు 'ఆన్'. కారు, ఆటో, టాక్సీలకు 'ఇన్'. లోపల నిలబడి నడవగలిగేవి 'ఆన్', దూరి కూర్చునేవి 'ఇన్' అని చెప్పుకోవచ్చు. 'ఇన్ ద బస్' అనేది వ్యాకరణ దోషం కాదు, బస్సు లోపలి భాగం గురించి మాట్లాడేటప్పుడు వాడతారు. కాబట్టి ఖాళీలో ప్రయాణం అనే అర్థం వచ్చేలా వాక్యం రాయాలి: 'శీ కేమ్ టు వరంగల్ ఆన్ ద ఫస్ట్ బస్'.

టీవీలో, ఫోన్లో, ఇంటర్నెట్లో, వెబ్‌సైట్లో, లిస్టులో, మెనూలో, ఐదో పేజీలో, కమిటీలో, మొదటి అంతస్తులో: అన్నీ 'ఆన్'. పేపర్లో, పుస్తకంలో, ఫొటోలో, మెయిల్లో, క్యూలో: అన్నీ 'ఇన్'. పుస్తకం 'ఇన్', అందులో పేజీ నంబరు 'ఆన్' కాబట్టి ఆ రెంటినీ ఒకే వాక్యంలో పెట్టి ఒక కార్డు. సెలవులో, డ్యూటీలో, సమ్మెలో 'ఆన్', తొందరలో, కష్టాల్లో 'ఇన్', ఒత్తిడిలో 'అండర్'. బస్టాపులో, పెళ్లిలో, పార్టీలో 'ఎట్', ఎందుకంటే గోడల లోపల అన్నది కాదు, ఆ చోట ఆ సందర్భంలో ఉండటమే విషయం. ఇంట్లో అన్నది 'ఎట్ హోమ్', కానీ 'ఇన్ ద హౌస్'. ఇరవై ఏళ్ల వయసులో 'ఎట్ ద ఏజ్ ఆఫ్ ట్వంటీ'.

రెండేసి అర్థాలున్న నాలుగు జంటలకు విడి కార్డులు తప్పవు. 'ఆన్ టైమ్' అంటే చెప్పిన వేళకు, 'ఇన్ టైమ్' అంటే మించిపోకముందే. 'ఎట్ ది ఎండ్' తర్వాత 'ఆఫ్' పెట్టి దేని చివరో చెప్పాలి, 'ఇన్ ది ఎండ్' అంటే తుదకు. 'ఆన్ ద వే' దారిలో, 'ఇన్ ద వే' దారికి అడ్డంగా. 'ఫర్ సేల్' అమ్మకానికి ఉన్నది, 'ఆన్ సేల్' షాపులో దొరుకుతున్నది లేదా తగ్గింపు ధరలో ఉన్నది.

తో కట్ట చిన్నది. ముఖ్యమైన వల 'మ్యారేజ్'. ఫలానా అతనితో పెళ్లి అంటే 'మ్యారేజ్ టు', 'మ్యారేజ్ విత్' కాదు. ఎంగేజ్‌మెంట్ కూడా 'టు'. పోలిక అనే అర్థంలో 'రిజెంబ్లెన్స్ టు', సరిపోల్చడం అయితే 'కంపారిజన్ విత్'. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో అంటే 'ఎట్ ఎ స్పీడ్ ఆఫ్'.

వెర్బ్ నీడ

'డిస్కస్ అబౌట్' అన్నది మన దగ్గర ఎంత గట్టిగా పాతుకుపోయిందో చెప్పక్కర్లేదు. అది గాల్లోంచి ఊడిపడలేదు. 'డిస్కషన్ అబౌట్' సరైనదే, అందులోని 'అబౌట్' వెర్బ్‌కు కూడా అంటుకుంది. ఇలాంటివి విడివిడిగా నేర్పితే ఒకదాన్ని సరిచేసినప్పుడు రెండోది చెడిపోతుంది, 'డిస్కషన్ ద ప్రాబ్లమ్' అని రాసేవాళ్లు కూడా తేలతారు. కాబట్టి జంటగానే కార్డు. పైన వెర్బ్ వాక్యం, కింద నౌన్ వాక్యం, వెర్బ్ పక్కన ఖాళీ స్థానంలో సున్నా గుర్తు.

ఈ జాబితాలోకి వచ్చినవి: డిమాండ్ (నౌన్‌కు ఫర్), రిక్వెస్ట్ (ఫర్), రెస్పెక్ట్ (ఫర్), సపోర్ట్ (ఫర్), ల్యాక్ (ఆఫ్), ఫియర్ (ఆఫ్), విజిట్ (టు), ఆన్సర్ (టు), అప్రోచ్ (టు), డ్యామేజ్ (టు), ఎటాక్ (ఆన్), బ్యాన్ (ఆన్), ఇన్‌ఫ్లుయెన్స్ (ఆన్), కాంటాక్ట్ (విత్). రూపం మారే జంటలు ఇంకొన్ని: మ్యారీ, మ్యారేజ్ టు, ఎంఫసైజ్, ఎంఫసిస్ ఆన్, ఇన్వెస్టిగేట్, ఇన్వెస్టిగేషన్ ఇంటు, ఎఫెక్ట్ (ఇంగ్లీషు 'ఏ' అక్షరంతో మొదలయ్యే వెర్బ్), ఎఫెక్ట్ ఆన్ (ఇంగ్లీషు 'ఈ' అక్షరంతో మొదలయ్యే నౌన్).

ఈ వెర్బ్‌లకు ఇక్కడి అర్థంలో ప్రిపోజిషన్ ఉండదు. 'వీ విజిటెడ్ ద డ్యామ్', 'అవర్ విజిట్ టు ద డ్యామ్'. వెర్బ్‌కూ నౌన్‌కూ ఒకే ప్రిపోజిషన్ ఉండే 'కామెంట్ ఆన్' లాంటివి ఇందులో వేయకూడదు. ఒకటి కలిసినా సున్నా గుర్తు మీద నమ్మకం పోతుంది.

'టు' తర్వాత ఏ రూపం

ఇది కట్టలోకి ఆలస్యంగా వచ్చి చేరిన భాగం, కానీ వదలడానికి లేదు. 'డెసిషన్ టు గో', 'ఎబిలిటీ టు రీడ్', 'అటెంప్ట్ టు ఎస్కేప్' లలో 'టు' ఇన్ఫినిటివ్ గుర్తు, తర్వాత మూల వెర్బ్. 'అబ్జెక్షన్ టు పేయింగ్', 'కీ టు లర్నింగ్', 'అప్రోచ్ టు టీచింగ్' లలో 'టు' అసలు సిసలు ప్రిపోజిషన్, తర్వాత ఐఎన్‌జీ రూపం. చూపుకు ఒకేలా ఉంటాయి. తేల్చుకునే పద్ధతి: 'టు' తర్వాత మామూలు నౌన్ ఒకటి పెట్టండి. 'అబ్జెక్షన్ టు ద ఫీజ్' కుదురుతుంది, అందుకే 'పేయింగ్'. 'డెసిషన్ టు ద ఫీజ్' కుదరదు, అందుకే 'గో'.

'చాన్స్' రెండు దారుల్లోనూ పోతుంది. 'ఎ చాన్స్ టు స్పీక్' మాట్లాడే అవకాశం, 'ఎ చాన్స్ ఆఫ్ విన్నింగ్' గెలిచే వీలు. 'డిఫికల్టీ'కి మాత్రం ఇన్ఫినిటివ్ వద్దు: 'డిఫికల్టీ ఇన్ బ్రీతింగ్' లేదా 'ఇన్' లేకుండా 'డిఫికల్టీ బ్రీతింగ్'. 'డిఫికల్టీ టు బ్రీత్' తప్పు.

సరిచూసే పని

ఏ జంట అయినా నిఘంటువులో ఉదాహరణ కనపడి, కార్పస్‌లో కూడా నిలబడితేనే కట్టలోకి. వాడినవి మూడు. బ్రిటిష్ నేషనల్ కార్పస్‌లో 10 కోట్ల మాటలు, ఎక్కువ భాగం 1980ల చివరి, 1990ల మొదటి ఇంగ్లీషు. కోకా అమెరికన్ కార్పస్‌లో 100 కోట్లకు పైగా మాటలు, 1990 నుంచి 2019 దాకా. గ్లోబ్ కార్పస్‌లో 20 దేశాల వెబ్ పేజీల నుంచి తీసిన 190 కోట్ల మాటలు, అందులో భారతదేశానికి ప్రత్యేక విభాగం ఉంది. మన వాడుకకూ బయటి వాడుకకూ తేడా చూడాలంటే ఈ మూడోదే దిక్కు.

వెతికే తీరు: నౌన్ రాసి, ఒక ఖాళీ వదిలి, అండర్‌స్కోర్, చిన్న ఐ అక్షరం, నక్షత్రం గుర్తు. అంటే 'ఈ మాట తర్వాత ఏ ప్రిపోజిషన్ అయినా'. ఫలితం వాడుక సంఖ్య వారీగా వస్తుంది. ఇక్కడే బోల్తా పడతారు. పైన కనపడిన ప్రతి ప్రిపోజిషన్నూ ఆ నౌన్ అడిగిందని అనుకోకూడదు. 'డిస్కషన్ ఆన్' వరసలో 'డిస్కషన్ ఆన్ మండే' కూడా కలిసి ఉంటుంది, 'రీజన్ ఇన్' లో 'ద రీజన్ ఇన్ దిస్ కేస్' ఉంటుంది. అందుకే అంకె చూసి ఆగకుండా లోపలి వాక్యాలు ఒక 20 చదివి, ప్రిపోజిషన్ నిజంగా నౌన్‌దేనా అని చూడాలి.

గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్ త్వరగా పోల్చడానికి బాగుంటుంది: రెండు పదబంధాల మధ్య కామా పెడితే రెండు గీతలు వస్తాయి, బ్రిటిష్, అమెరికన్ పుస్తకాలను విడిగా ఎంచుకోవచ్చు. కానీ అది పుస్తకాల భాష. మాట్లాడే ఇంగ్లీషుకు దాన్ని సాక్ష్యంగా తీసుకోవద్దు.

కార్డు తయారీ

షీటులో ఏడు నిలువు వరసలు: గుర్తింపు సంఖ్య, తెలుగు ముక్క, ఖాళీ ఉన్న ఇంగ్లీషు వాక్యం, జవాబు, తెలుగు లాగే తప్పు, ఒక్క లైను కారణం, ట్యాగు. కార్డు మీద ఇంగ్లీషును ఇంగ్లీషు అక్షరాల్లోనే అచ్చు వేయాలి. తెలుగు లిపిలో రెండు వేర్వేరు 'ఆఫ్'లు (ఒక ఎఫ్ ఉన్నది, రెండు ఎఫ్‌లు ఉన్నది) ఒకేలా కనపడతాయి. వాక్యం 12 మాటలు దాటకూడదు, కొత్త మాట ఒక్కటి కూడా ఉండకూడదు. వాక్యమే అర్థం కాకపోతే పరీక్ష ప్రిపోజిషన్‌కు కాదు, పదసంపదకు అవుతుంది.

ఆంకీలో ఒక్కో నోటుకు (అంటే షీటులోని ఒక అడ్డు వరసకు) రెండు కార్డులు. మొదటిది ప్రిపోజిషన్ మాత్రమే ఖాళీగా చూపిస్తుంది. రెండోది తెలుగు ముక్కను మాత్రం చూపించి ('ఆలస్యానికి కారణం') మొత్తం పదబంధాన్ని అడుగుతుంది. రెండోదే అసలు పరీక్ష. మొదటి రకం ఒక్కటే పెడితే ఖాళీలు బాగా నింపుతారు, మెయిల్లో మళ్లీ పాత తప్పే వస్తుంది.

దిగుమతి దగ్గర వచ్చే చిక్కులు: ఎక్సెల్ నుంచి మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారుతుంది. 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకోవాలి, లేదా గూగుల్ షీటు నుంచి టీఎస్‌వీగా దించుకోవాలి. ఆంకీ ఒకే నోటు అవునో కాదో మొదటి ఫీల్డును (షీటులో మొదటి నిలువు వరసను) బట్టి తేలుస్తుంది. మొదటి ఫీల్డులో తెలుగు ముక్క పెడితే, అందులో ఒక్క అక్షరం దిద్ది మళ్లీ దిగుమతి చేసినా కొత్త నోటు పుడుతుంది, పాతదీ ఉండిపోతుంది. మొదటి ఫీల్డులో గుర్తింపు సంఖ్య ఉండాల్సింది అందుకే. రోజుకు కొత్త కార్డులు మామూలుగా 20 అని ఉంటుంది, దాన్ని 10కి తగ్గించాలి. కొత్త కార్డులు వరస తప్పి కలిసి వచ్చేలా డెక్ ఆప్షన్లలో మార్చుకోవాలి, లేదంటే కట్ట విడగొట్టిన ఫలితం పోతుంది.

అట్ట ముక్కలకు ఏ4 షీటును నిలువుగా రెండు, అడ్డంగా నాలుగు భాగాలు చేస్తే 105 × 74 మిల్లీమీటర్ల ఎనిమిది కార్డులు. వెనక వైపు పేజీలో ఎడమ వరసను కుడికి, కుడి వరసను ఎడమకు మార్చి పెట్టకపోతే ప్రశ్న ఒకటి, జవాబు ఇంకొకటి అవుతుంది. మొదట మామూలు కాగితం మీద ఒక షీటు రెండు వైపులా తీసి, దీపానికి ఎదురుగా పట్టుకుని గడులు కలిశాయో లేదో చూడాలి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) అట్ట ఇంటి ప్రింటర్లో ఇరుక్కోవచ్చు, ఇంట్లో తీసుకునేవాళ్లు 200 దగ్గర ఆగడం మేలు.

కట్టలోంచి తీసేసినవి

రెండు జవాబులూ సరైనవైతే ఆ కార్డు ఖాళీ నింపడానికి పనికిరాదు. ఇన్ఫర్మేషన్ (ఆన్, అబౌట్), రీసెర్చ్ (ఆన్, ఇంటు), యాటిట్యూడ్ (టు, టువర్డ్స్), ఎక్స్‌పర్ట్ (ఆన్, ఇన్), కన్సర్న్ (అబౌట్, ఓవర్). వీటిని 'రెండూ ఓకే' అనే వేరే పేజీలో రాసి ఉంచాం, పరీక్షలో లేవు. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఇలాంటివి ఇచ్చి ఒకదాన్నే సరైనదిగా గుర్తించే గైడ్లు ఉన్నాయి. వాటిని చూసి కార్డు రాయకూడదు.

బ్రిటన్, అమెరికా తేడాలున్నవి కూడా పక్కకే: 'ఎట్ ద వీకెండ్', 'ఆన్ ద వీకెండ్', 'ఇన్ ద స్ట్రీట్', 'ఆన్ ద స్ట్రీట్', 'ఇన్ ద టీమ్', 'ఆన్ ద టీమ్', 'ఇన్ హాస్పిటల్', 'ఇన్ ద హాస్పిటల్'. అమెరికాకు వెళ్లేవాళ్లు అడిగితే ఇవ్వడానికి విడి ట్యాగు ఉంది. మెయిళ్లలో తరచూ కనపడే 'విత్ రిగార్డ్స్ టు' మాత్రం తీసేయలేదు, 'విత్ రిగార్డ్ టు' అని సరిచేసే కార్డు ఉంది. 'రిగార్డ్స్' మెయిల్ చివర సంతకం పైన ఉండాల్సిన మాట.

ఇప్పుడు నడుస్తున్నది

ఆడియో. ప్రిపోజిషన్‌ను విడిగా పలికి రికార్డు చేస్తే వృథా, ఎందుకంటే వాక్యంలో అలా వినపడదు. 'ఫర్' నలిగి 'ఫ' అవుతుంది, 'టు' 'ట'లా, 'ఆఫ్' 'అవ్'లా వినపడతాయి. ఇంగ్లీషు ఎంత విన్నా ఈ మాటలు చెవికి ఆనకపోవడానికి అదొక కారణం. కాబట్టి మొత్తం వాక్యాన్ని మామూలు వేగంతో ఒకసారి, పదబంధాన్ని మాత్రం నిదానంగా ఇంకోసారి రికార్డు చేస్తున్నాం. ఎంపీ3 ఫైలు పేరులో గుర్తింపు సంఖ్య ఉంటే షీటులో ఒక్క ఫార్ములాతో అన్ని నోట్లకూ అతుకుతుంది. ఫైళ్లను ఆంకీ మీడియా ఫోల్డరులో నేరుగా వేయాలి. లోపల ఇంకో ఫోల్డరు చేసి పెడితే శబ్దం రాదు. కి/కు కట్ట, మీద కట్టల రికార్డింగు ముందు, లో కట్ట ఆ తర్వాత.